టస్కనీ కొండ ఊళ్లు, ద్రాక్ష తోటలు: పన్నెండు మందిమి కలిసి వెళ్లొచ్చిన అనుభవం

ఇటలీ అనగానే ట్రావెల్ ఏజెంట్లు చూపించే ప్యాకేజీ దాదాపు ఒకటే. రోమ్, ఫ్లోరెన్స్, పీసా వాలు గోపురం, వెనిస్. రోజుకో హోటల్, పొద్దున్నే సూట్‌కేసులు లాబీలోకి దించడం. మా జట్టుకి అది కుదరదని ముందే తేల్చుకున్నాం. డెబ్బై దాటిన మా అత్తయ్య, మోకాళ్ల నొప్పులున్న పిన్ని, షుగర్ ఉన్న బాబాయి, కాలేజీ పిల్లలు, లండన్ నుంచి వచ్చి కలిసే అన్నయ్య కుటుంబం, అందరం కలిపి పన్నెండు మందిమి. అందుకే దక్షిణ టస్కనీలో మోంటెపుల్చానో దగ్గర ఒకే ఇల్లు తీసుకుని, అక్కడి నుంచే రోజుకో వైపు వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలనుకున్నాం. పెద్దవాళ్లతో, పిల్లలతో కలిసి వెళ్లేవాళ్లకి ఇంతకంటే మంచి పద్ధతి లేదని ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

వెళ్లొచ్చాక చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఏమేం చేశామో వివరంగా రాస్తున్నాను. ద్రాక్ష తోటల గురించి కాస్త ఎక్కువే రాస్తాను. కారణం మా బాబాయి. ఆయన శామీర్‌పేట వైపు ఏళ్ల తరబడి ద్రాక్ష పండించిన రైతు. హైదరాబాద్ చుట్టుపక్కల పందిళ్ల మీద అనాబ్-ఎ-షాహీ గుత్తులు వేలాడిన రోజులు చూసిన మనిషి. ఆ తోటల్లో చాలా భాగం ఇప్పుడు వెంచర్లయిపోయాయి. ఆయన అడిగిన ప్రశ్నల వల్లే మేం ఆ ప్రాంతాన్ని ఫొటోల కోసం కాకుండా పంట నేలగా చూడగలిగాం.

వీసా పని నాలుగు నెలల ముందు మొదలుపెట్టాం. షెంజెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో వైద్య ఖర్చులకి కనీసం 30,000 యూరోల కవరేజీ ఉండాలి. జట్టుగా వెళ్తున్నా ఎవరి ఫైలు వాళ్లదే, ఎవరి మీద నిర్ణయం వాళ్ల మీదే. అందుకే అందరి కాగితాల్లో తేదీలు, ఇంటి అడ్రసు, రోజువారీ ప్లాను అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండేట్టు చూశాం. సొంత ఆదాయం లేని అత్తయ్యకి మా వారు స్పాన్సర్ లెటర్ రాసి, తన బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు జత చేశారు. అన్నయ్య వాళ్లవి బ్రిటిష్ పాస్‌పోర్టులు, వాళ్లకి ఈ టెన్షన్ లేదు. మా పాస్‌పోర్టులు చేతికొచ్చేదాకా నాకు మాత్రం నిద్ర సరిగ్గా పట్టలేదు.

సెప్టెంబరు చివరి వారాలు ఎంచుకున్నది బాబాయి కోసమే. అక్కడి ముఖ్యమైన ఎర్ర ద్రాక్ష సాంజొవేజె. దాని కోతలు సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మొదటి రోజుల దాకా నడుస్తాయి. ఎండలు తగ్గి ఉంటాయి, ఆగస్టు రద్దీ ఉండదు. కోతల రోజుల్లో వైనరీల వాళ్లు పనిలో ఉంటారు కాబట్టి మనకి కేటాయించే సమయం తక్కువ. అయినా నా ఓటు కోతల కాలానికే. ఖాళీ తోట చూడటం వేరు, ట్రాక్టర్ల మీద గుత్తులు కదిలిపోతుంటే చూడటం వేరు.

మేం దిగింది అగ్రిటూరిజ్మోలో. వ్యవసాయం చేసే కుటుంబమే తన పొలంలోని ఇంట్లో అతిథులని పెట్టుకునే ఏర్పాటు అది. 1985లో దీనికి జాతీయ చట్టం వచ్చింది. వ్యవసాయమే ప్రధానంగా ఉండాలి, అతిథులు దానికి తోడు ఆదాయం కావాలి అన్నది దాని ఉద్దేశం. మా ఇంటి చుట్టూ ఆలివ్ చెట్లు, పక్కన కాస్త ద్రాక్ష, దిగువన దున్ని వదిలేసిన గోధుమ చేలు. గోడలు అడుగున్నర మందం. కింది గదుల్లో ఒకప్పుడు పశువుల్ని కట్టేవాళ్లట, మనుషులు పై అంతస్తులో ఉండేవాళ్లట. ఇప్పుడు మా పిల్లలు పడుకున్నది ఆ పశువుల కొట్టంలోనే.

ఈ ఇళ్లు కొండకొకటిగా ఎందుకు విసిరేసినట్టున్నాయని బాబాయి మొదటి సాయంత్రమే అడిగారు. యజమానురాలు చెప్పిన సమాధానం ఆయనకి వెంటనే అర్థమైంది. శతాబ్దాల పాటు అక్కడ నడిచింది సగపాలు పద్ధతి. భూమి, ఇల్లు దొరవి. కుటుంబం మొత్తం ఆ పొలంలోనే ఉండి పండించి, పంటలో సగం ఇచ్చేయాలి. అందుకే ప్రతి పొలానికీ ఒక ఇల్లు. యుద్ధం తర్వాత 1950లు, 60లలో వీళ్లంతా ఫ్యాక్టరీ పనులకి పట్నాలకి వెళ్లిపోయారు. 1964లో కొత్త సగపాలు ఒప్పందాలని చట్టమే నిషేధించింది. ఇళ్లు పాడుబడ్డాయి. తర్వాత వాటిని బాగుచేసి మాలాంటి వాళ్లకి అద్దెకిస్తున్నారు. బాబాయి అంతా విని, "మన దగ్గర పొలం పోయి ఇల్లు మిగిలింది. వీళ్లకి ఇల్లు ఖాళీ అయినా పొలం నిలిచింది" అన్నారు.

ఇలాంటి ఇల్లు తీసుకునేవాళ్లకి రెండు మాటలు. ఇటలీలో మామూలు ఇళ్ల కరెంటు కనెక్షన్ మూడు కిలోవాట్లే. మొదటి రాత్రి రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె ఒకేసారి పెట్టేసరికి ఇల్లంతా చీకటైంది. యజమానురాలు టార్చి పట్టుకుని నవ్వుతూ వచ్చి మీటర్ దగ్గర స్విచ్ ఎక్కడుందో చూపించింది. ఆ రోజు నుంచి కుక్కర్ దిగాకే ఇస్త్రీ. రెండోది, మన లావు పిన్నుల ప్లగ్గులు అక్కడ పట్టవు, అడాప్టర్లు నాలుగైదు తీసుకెళ్లాలి.

పచ్చళ్లు, పొడుల సంగతి కూడా చెప్పాలి. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు లగేజీలో తీసుకెళ్లనివ్వరు. అంటే నెయ్యి కుదరదు, పాలకోవా కుదరదు. పచ్చి కరివేపాకు లాంటివి కూడా సర్టిఫికెట్ లేకుండా పట్టుకెళ్లకూడదు. ఆవకాయ, కందిపొడి, కారప్పొడి గట్టిగా ప్యాక్ చేసి తీసుకెళ్లాం, ఇబ్బంది రాలేదు. నెయ్యి బదులు ఆ ఇంటి ఆలివ్ నూనె వేసుకుని కందిపొడి అన్నం తిన్నాం. అత్తయ్యకి అది ఎంత నచ్చిందంటే, ఇప్పుడు హైదరాబాద్‌లో కూడా అడుగుతున్నారు.

బండ్ల విషయంలో మా అన్నయ్య లెక్క బాగా పనికొచ్చింది. తొమ్మిది సీట్ల వ్యానులో తొమ్మిది మంది కూర్చుంటే పెట్టెలకి చోటుండదు. రెండు వ్యాన్లు తీసుకుని ఆరుగురు చొప్పున కూర్చున్నాం. అన్నయ్య ఒకటి, మా వారు ఒకటి నడిపారు. మన లైసెన్సుతో పాటు ఆర్టీఏ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఉండాలి. రోడ్ల మీద అసలు జాగ్రత్త పడాల్సింది జెడ్‌టీఎల్ గురించి. పాత ఊళ్ల నడిబొడ్డులోకి బయటి బండ్లు రాకూడదు. దారి మొదట్లో ఎర్ర వలయంతో బోర్డు, పైన కెమెరా ఉంటాయి. దాటితే ఆ క్షణాన ఎవరూ ఆపరు. నెలల తర్వాత జరిమానా ఇంటికొస్తుంది, అద్దె కంపెనీ తన ఛార్జీ తను వేస్తుంది. మేం ప్రతి ఊరికీ గోడ బయట పార్కింగ్ ఎక్కడో ముందు రాత్రే మ్యాప్‌లో గుర్తు పెట్టుకున్నాం. పార్కింగ్ గీతలు తెల్లవైతే ఉచితం, నీలమైతే డబ్బు కట్టాలి, పసుపైతే ప్రత్యేక అనుమతి ఉన్నవాళ్లకే.

కొండ ఊళ్లంటే మెట్లు, ఎత్తులు. మోకాళ్లు బాగాలేని వాళ్లని తీసుకెళ్లాలా వద్దా అని నన్ను ఎక్కువమంది అడుగుతున్నారు. తీసుకెళ్లొచ్చు, కానీ ఏ ఊరు ఎలా ఎక్కాలో తెలియాలి. సియెనాలో కింది పార్కింగ్ నుంచి, రైల్వే స్టేషన్ నుంచి కూడా ఎస్కలేటర్లు ఉన్నాయి. ఓర్వియెటో నిట్టనిలువు రాతి గుట్ట మీద ఉంటుంది కానీ స్టేషన్ ఎదుటే తాడుతో పైకి లాగే ఫ్యునిక్యులర్ రైలు, ఇంకో వైపు ఎస్కలేటర్లు. మోంటెపుల్చానో ఒక్కటే కఠినం. కింది ద్వారం నుంచి పై చౌకు దాకా ఒకటే ఎత్తు. పైదాకా వెళ్లే చిన్న బస్సు ఉంది. పెద్దవాళ్లని అందులో పంపి, మేం నడిచి ఎక్కి, దిగేటప్పుడు అందరం కలిసి మెల్లగా దిగాం.

పిన్నికి, అత్తయ్యకి అన్నిటికంటే నచ్చింది పియెంజా. ఊరు కొండ మీదే ఉన్నా లోపల దాదాపు చదునుగా ఉంటుంది, ఈ చివర నుంచి ఆ చివరకి పది నిమిషాల నడక. ఈ ఊరి కథ కూడా బాగుంటుంది. ఇక్కడ పుట్టిన పికొలొమినీ ఇంటి బిడ్డ 1458లో రెండో పయస్ పేరుతో పోప్ అయ్యాడు. ఆ మరుసటి ఏడే తను పుట్టిన కొర్సిన్యానో అనే పల్లెని ఆదర్శ నగరంగా మార్చమని బెర్నార్డో రోసెలీనో అనే శిల్పికి పని అప్పగించాడు. మూడు నాలుగేళ్లలో చర్చి, రాజభవనం, చౌకు లేచి నిలబడ్డాయి. ఊరి పేరు కూడా పోప్ పేరు మీద మారింది. 1464లో ఆయన పోయాక ఆ పని అక్కడితో ఆగింది, ఊరు ఇంకా పెరగలేదు. అందుకే ఇవాళ్టికీ ఆ చౌకు ఒకే మనిషి ఒకే ఊపులో గీసినట్టుంటుంది. చర్చి వెనక భాగం నేల జారి కుంగుతూనే ఉంది, లోపల నడుస్తుంటే వాలు కాలికి తెలుస్తుంది. చర్చి వెనక గోడ వెంట బెంచీలున్నాయి. ఎదురుగా వాల్ దోర్చా లోయ, ఆ చివర మోంటే అమియాటా కొండ. ఇద్దరూ అక్కడ కూర్చుని గంటసేపు కదల్లేదు.

ఆ లోయని యునెస్కో 2004లో వారసత్వ జాబితాలో చేర్చింది, ఊరిని ఇంకా ముందే, 1996లో. లోయ అందం అడవి అందం కాదు. సియెనా వాళ్లు ప్లాన్ ప్రకారం సాగులోకి తెచ్చిన నేల అది. ఆ సంగతి సియెనా వెళ్లాకే నాకు పూర్తిగా అర్థమైంది. అక్కడి నగర భవనంలో అంబ్రోజియో లోరెంజెట్టి 1338, 39లలో వేసిన గోడ చిత్రాలున్నాయి. ఒక గోడ మీద మంచి పాలన, దాని ఫలితాలు. ఇంకో గోడ మీద చెడ్డ పాలన. మంచి పాలన గోడలో నగర ద్వారం దాటగానే పల్లె మొదలవుతుంది: కొండ వాలు మీద ద్రాక్ష తీగలు, కోతలు కోసే కూలీలు, మార్కెట్‌కి పందిని తోలుకొస్తున్న రైతు. చెడ్డ పాలన గోడలో పొలాలు బీళ్లు, ఊళ్లు కాలిపోతుంటాయి. ఆ గది అప్పటి తొమ్మిది మంది పాలకుల సమావేశ మందిరం. నిర్ణయాలు తీసుకునేవాళ్లు రోజూ తలెత్తితే ఈ రెండూ కనపడేవి. చిత్రం వేసిన పదేళ్లకే, 1348లో, ప్లేగు వచ్చి నగరం కుదేలైంది. చాలా పెద్దదిగా కట్టాలనుకున్న కొత్త చర్చి ఆగిపోయి, దాని మొండి గోడ ఇప్పటికీ అలాగే నిలబడి ఉంది. బయట కాంపో చౌకు నేలని తొమ్మిది భాగాలుగా గీసింది కూడా ఆ తొమ్మిది మంది గుర్తుగానే. ఏటా జులై 2న, ఆగస్టు 16న గుర్రప్పందెం జరిగేది అక్కడే. ఇంత చరిత్రని పిల్లలు ఓపిగ్గా వింటారని నేననుకోలేదు, కానీ ఆ గోడ దగ్గర మా అబ్బాయే మాకు వివరించాడు.

రోజుకి రెండు ఊళ్లు మించకూడదన్నది మేం పెట్టుకున్న నియమం. చాలాసార్లు ఒకటే చూశాం. ఎవరికి ఓపిక లేకపోతే వాళ్లు ఇంట్లో ఉండొచ్చు, ఎవరూ బలవంతం చేయకూడదు. శాన్ జిమిన్యానోకి పిల్లలు, అన్నయ్య, వదిన మాత్రమే వెళ్లారు. అది ఉత్తరంగా దూరం, పైగా మధ్యాహ్నం బస్సుల జనం. ఒకప్పుడు డెబ్బైకి పైగా ఉన్న గోపురాల్లో పద్నాలుగు దాకా మిగిలాయి. డబ్బున్న కుటుంబాలు పోటీ పడి కట్టినవి. ఆ రోజు మేం మిగతావాళ్లం బాన్యో విన్యోనీలో ఉన్నాం. ఆ ఊళ్లో చౌకు ఉండాల్సిన చోట పెద్ద వేడి నీటి కొలను ఉంటుంది. అందులో దిగనివ్వరు. కొంచెం కిందకి నడిస్తే పాత మిల్లుల పక్కనుంచి అదే నీళ్లు సన్నటి కాలువలో పారుతుంటాయి. పిన్ని, అత్తయ్య అందులో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. "నాకు ఇటలీ చాలమ్మా, ఇంకేం చూపించొద్దు" అంది పిన్ని.

ఓర్వియెటోలో మాత్రం నేను, చెల్లి కిందకి దిగి పైకి ఎక్కాం. 1527లో సైన్యాలు రోమ్‌ని కొల్లగొట్టినప్పుడు పోప్ ఏడో క్లెమెంట్ ఈ గుట్ట మీద తలదాచుకున్నాడు. ముట్టడి వస్తే నీళ్లుండాలని యాభై మీటర్లకి పైగా లోతున బావి తవ్వించాడు. దిగడానికి ఒక మెట్ల వరస, ఎక్కడానికి ఇంకో వరస, రెండూ ఒకదానికొకటి తగలకుండా చుట్టూ తిరుగుతాయి. ఒక్కో వరసలో 248 మెట్లు. నీళ్లు మోసే గాడిదలు ఎదురుపడకుండా ఆ ఏర్పాటు. గోడకి కిటికీలు, వాటిలోంచి అవతలి మెట్ల మీద వెళ్లేవాళ్లు కనపడతారు.

ఇక ద్రాక్ష తోటల సంగతి.

వైనరీలకి ముందే మెయిల్ చేసి టైం తీసుకోవాలి, మరీ పన్నెండు మంది అయితే. ఎంతమంది తాగుతారు, ఎంతమంది తాగరు అన్నది ముందే రాస్తే మంచిది. మా వాళ్లలో సగం మంది తాగరు. వాళ్లకి ఆలివ్ నూనె రుచి చూపించి, డబ్బులు తక్కువ తీసుకున్నారు. ఆ రోజుకి సొంత బండ్లు వద్దనుకుని డ్రైవర్‌తో సహా మినీబస్సు మాట్లాడుకున్నాం. ఇటలీలో డ్రైవర్ రక్తంలో ఆల్కహాల్ లీటరుకి 0.5 గ్రాములు దాటకూడదు. రుచి చూడటానికి ఇచ్చే గుక్కలు నాలుగైదు కలిస్తే ఆ గీత దగ్గరికి వెళ్లడం కష్టమేమీ కాదు. ఒక రోజుకి ఒక వైనరీ, మహా అయితే రెండు. మూడో దాంట్లో ఎవరికీ ఏ రుచీ తెలియదు.

మేం ఎక్కువసేపు గడిపింది మోంటల్చీనో వాలు మీద, ఒక కుటుంబం నడిపే తోటలో. ఆ ఇంటి అమ్మాయి ఇంగ్లీషులో చెప్తుంటే నేను బాబాయికి తెలుగులో చెప్పాను, ఆయన ప్రశ్నలు ఆమెకి చెప్పాను. ఆయన ముందు చూసింది తీగ ఎత్తు. మన దగ్గర పందిరి తల పైన ఉంటుంది, గుత్తులు కిందకి వేలాడతాయి, మనిషి నీడలో నిలబడి పని చేస్తాడు. అక్కడ తీగని నడుము ఎత్తులో ఇనుప వైర్ల వెంట సాగదీసి కడతారు. గుత్తులు మోకాలికి కొంచెం పైన. కోసేవాళ్లు రోజంతా వంగే ఉండాలి. "నడుములు ఏమైపోతాయో" అన్నారు బాబాయి.

ఆమె ఒక గుత్తి కోసి ఆయన చేతిలో పెట్టింది. చిన్నది, బిగుతుగా ఉంది, నల్లటి నీలం పండ్ల మీద బూడిద పూసినట్టు తెల్లటి పొర. ఆయన ఒక పండు తీసి బొటనవేలితో ఒత్తి, గింజలు అరచేతిలోకి తీసుకుని రంగు చూశారు. గింజ ఆకుపచ్చగా ఉంటే పండనట్టు, గోధుమ రంగుకి తిరిగితే కోతకి వచ్చినట్టు అని ఆమె చెప్పబోతుంటే ఆయన ముందే తలూపారు. పండు నోట్లో వేసుకుని, "తోలు మందం, గింజలెక్కువ, తీపి మాత్రం దంచుతోంది. మార్కెట్‌లో కిలో కూడా పోదు" అన్నారు. నేను ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ అమ్మాయి నవ్వి, ఆ తోలే మా వైన్ అంది. రంగు, వగరు అన్నీ తోలు నుంచే వస్తాయి. నలిపిన రసంలో తోలు రోజుల తరబడి నానాలి. మనం తినే ద్రాక్షలో వద్దనుకునేవన్నీ ఆ ద్రాక్షలో కావాలనుకునేవి.

తర్వాత ఆయన అసలు ప్రశ్న అడిగారు: "దిగుబడి ఎంత?" మోంటల్చీనో వాళ్ల పేరున్న ఎర్ర వైన్ బ్రునెల్లో. ఆ పేరు పెట్టి అమ్మాలంటే హెక్టారుకి ఎనిమిది టన్నులు మించకూడదన్నది రూలు. మన లెక్కలో ఎకరానికి మూడు టన్నుల పైచిలుకు. పందిరి తోటలో అంతకు ఎన్నో రెట్లు తీసిన మనిషి ఆయన. పొరపాటున విన్నానేమో అని మళ్లీ అడగమన్నారు. మించకూడదు సరే, ఎక్కువ కాస్తే? ఎండాకాలంలోనే కొన్ని గుత్తులు కోసి కింద పడేస్తామంది. మిగిలిన వాటిలో సారం నిండుతుందట. "కాసిన గుత్తిని చేజేతులా కోసి పారేస్తారా!" అని బాబాయి కాసేపు తీగల వంకే చూస్తూ నిలబడ్డారు. నీళ్ల గురించి అడిగితే అదీ అంతే. మామూలుగా నీళ్లు పెట్టరు. మరీ కరువైతే తీగ బతకడానికి ఇస్తారు కానీ కాపు పెంచడానికి ఇవ్వరు. వేరు లోతుకి దిగి వెతుక్కోవాల్సిందే.

ఇద్దరికీ కలిసిన విషయాలు కూడా దొరికాయి. బూజు తెగులుకి బోర్డో మిశ్రమం వాళ్లూ కొడతారు, మనమూ కొట్టాం. మైలుతుత్తం, సున్నం అని నేను చెప్పేలోపే ఆయన అక్కడ రాతి గోడ మీది నీలి మరకలు చూపించారు. అంటు కట్టడం కూడా అంతే. పంతొమ్మిదో శతాబ్దంలో ఫిలోక్సెరా అనే వేరు పురుగు అమెరికా నుంచి వచ్చి యూరప్ తోటల్ని తుడిచిపెట్టింది. అప్పటి నుంచి అమెరికా జాతి వేరు మీద తమ తీగని అంటు కడుతున్నారు. మన దగ్గర ఉప్పు నీళ్లని, నీటి ఎద్దడిని తట్టుకోవడానికి డాగ్‌రిడ్జ్ వేరు వాడతారు, అదీ అమెరికా జాతే. డాగ్‌రిడ్జ్ పేరు ఆయన నోట వినగానే ఆ అమ్మాయి లోపలికి పరుగెత్తి వాళ్ల నాన్నని పిలుచుకొచ్చింది. ఆయనకి ఇంగ్లీషు రాదు, బాబాయికి ఇటాలియన్ రాదు. ఇద్దరూ తీగ మొదలు దగ్గర కూర్చుని అంటు మచ్చని వేళ్లతో చూపించుకుంటూ మాట్లాడుకున్నారు. కత్తిరింపు దగ్గర తేడా తేలింది. మాకు చలికాలం లేదు, తీగ నిద్రపోదు, ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తామని బాబాయి రెండు వేళ్లు చూపించారు. ఆ రైతు ఒక వేలు చూపించి, చలికి వణికినట్టు నటించాడు.

నేలమాళిగలో మనిషి ఎత్తుని మించిన ఓక్ పీపాలు. పక్కన నిలబడితే చల్లగా, పుల్లటి వాసన. బ్రునెల్లో నూటికి నూరు పాళ్లు సాంజొవేజె ద్రాక్షతోనే చేయాలి. కనీసం రెండేళ్లు చెక్క పీపాలో, ఆ తర్వాత సీసాలో ఉండాలి. కోత జరిగిన ఏడాది తర్వాత ఐదో ఏడు జనవరి 1 దాకా అమ్మకానికి పెట్టకూడదు. అంతసేపు పెట్టుబడి ఎలా తిరుగుతుందని బాబాయి అడిగారు. దానికోసమే రొస్సో అట. అదే ద్రాక్షతో చేసి ఏడాదికే అమ్ముతారు, ధర సగం కూడా ఉండదు. రైతుకి చేతిలో డబ్బు ఆడేది దాంతోనే. రెండూ పక్కపక్కన రుచి చూశాక, నాకు భోజనంతో రొస్సోనే హాయిగా అనిపించింది. బ్రునెల్లో చాలా లోతైనది, కానీ దానికి ఓపిగ్గా కూర్చోవాలి. బాబాయి తాగరు. గ్లాసు తీసుకుని చాలాసేపు వాసన చూసి, "ఎండిన చెర్రీ, తడి మట్టి" అన్నారు. ఆ అమ్మాయి తన కాగితం తిప్పి చూపించింది, చెర్రీ అందులోనూ ఉంది.

మోంటెపుల్చానోలో ఇంకో రకం అనుభవం. అక్కడ తోటలు బయట ఉన్నా పాత నేలమాళిగలు ఊరి కిందే ఉన్నాయి. వీధిలోని ఒక తలుపు తోసి మెట్లు దిగితే భవనాల పునాదుల్లో వరసగా పీపాలు. వాళ్ల వీనో నోబిలే అనే వైన్‌లో సాంజొవేజె కనీసం 70 శాతం ఉండాలి. కియాంటీ వైపు మేం ఒక్క పగలే వెళ్లాం. సీసా మెడ మీద నల్ల కోడిపుంజు ఉంటే అది కియాంటీ క్లాసికో, అంటే ఫ్లోరెన్స్, సియెనాల మధ్య పాత ప్రాంతపుది. ఆ ప్రాంతానికి ఎల్లలు గీస్తూ టస్కనీని ఏలిన మూడో కోసిమో ప్రభువు 1716లోనే ఆజ్ఞ ఇచ్చాడు.

తిండి విషయంలో మాకు ఇబ్బంది రాలేదు, కానీ వేళలు ముఖ్యం. మధ్యాహ్నం రెండున్నరకి వంటిళ్లు మూస్తారు, మళ్లీ రాత్రి ఏడున్నరకే. షుగర్ ఉన్నవాళ్లకి అది కష్టం. అందుకే పన్నెండున్నరకల్లా హోటల్లో కూర్చుని మధ్యాహ్నం భోజనమే ఘనంగా చేసి, రాత్రి ఇంట్లో అన్నం చారు పెట్టుకున్నాం. బిల్లులో మనిషికి రెండు మూడు యూరోలు కొపెర్తో అని ఉంటుంది, అది రొట్టెకి, టేబుల్‌కి. అక్కడి రొట్టెలో ఉప్పు వేయరు. మొదట చప్పగా అనిపించినా, నూనె, టమాటా, వెల్లుల్లి రుద్దుకుంటే బాగుంటుంది. పూర్తి శాకాహారులు ఒకటి గమనించాలి. పెకొరీనో, పార్మిజానో చీజుల్లో పాలు విరగ్గొట్టడానికి దూడ, గొర్రెపిల్ల పొట్ట నుంచి తీసిన పదార్థం వాడతారు. పిన్నికి ఈ సంగతి ముందే చెప్పాం. "చీజు లేకుండా" అని రాసిన చీటీ చూపించి ఆర్డర్ చేసుకుంది.

ఒక సాయంత్రం యజమానురాలు పీచీ అనే పాస్తా చేయడం నేర్పింది. గోధుమ పిండి, నీళ్లు, కాస్త నూనె. ముద్ద నుంచి చిన్న పీలిక తెంపి, చెక్క బల్ల మీద రెండు అరచేతులతో దొర్లిస్తూ బారుగా సాగదీయాలి. అత్తయ్య ఒక్క నిమిషం చూసి, "ఇవి మన పాలతాలికలేగా" అని కొంగు బిగించారు. వినాయక చవితికి ఏటా చేసే చేతులవి. యజమానురాలి పీచీ కంటే సన్నగా, సమంగా వచ్చాయి. ఆమె అత్తయ్య చేయి పట్టుకుని వేళ్ల కదలికని తన వేళ్లతో పోల్చి చూసుకుంది. దానిలోకి ఆ ప్రాంతపు పెద్ద పాయల వెల్లుల్లి, టమాటా సాస్. మన వెల్లుల్లి ఘాటు దానికి ఉండదు. పిల్లలు పైన కారప్పొడి చల్లుకున్నారు, యజమానురాలు కూడా కొంచెం అడిగి వేసుకుంది.

ఖర్చులకి ఒక ఉమ్మడి పర్సు పెట్టాం. ఇల్లు, బండ్లు, పెట్రోలు, పార్కింగ్, ఇంటి సరుకులు అందులోంచి. మ్యూజియం టిక్కెట్లు, వైన్, షాపింగ్ ఎవరివి వాళ్లవి. తాగనివాళ్ల మీద వైన్ ఖర్చు పడకూడదని వదిన మొదట్లోనే చెప్పింది, చాలా న్యాయమైన మాట. చెల్లి ఫోన్‌లో ఏ రోజు లెక్క ఆ రోజు రాసింది.

తిరుగు ప్రయాణంలో సీసాల గురించి కూడా చెప్తాను. ఇండియాకి పెద్దవాళ్లు ఒక్కొక్కరు రెండు లీటర్ల మద్యం దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు, ఇంకా అర లీటరు మిగులుతుంది. అన్నీ చెక్-ఇన్ బ్యాగులోనే. బట్టల మధ్య చుట్టి, ఒక్కో సీసాని జిప్ కవర్లో పెట్టి, పెట్టె నడిమధ్యలో సర్దాం. ఒక్కటీ పగల్లేదు. నేను తెచ్చినవి రెండూ రొస్సోలే. బాబాయి ఆ రైతు దగ్గర ఒక కత్తిరింపు కత్తెర అడిగి కొనుక్కున్నారు. మేడ మీద డ్రమ్ములో పెంచుతున్న ద్రాక్ష తీగకి ఈ అక్టోబరు కత్తిరింపు దాంతోనే చేస్తానంటున్నారు, కొన్ని గుత్తులు కోసి పారేస్తే ఏమవుతుందో కూడా చూస్తారట.